పిడుగుల మేస్త్రి

ఆయన పోయాడని ఫోన్లో చెప్పిన పాత సహోద్యోగి, మేం ఒకప్పుడు పనిచేసిన హిందీ దేశపు ఉక్కు ఊళ్ళో, భాలుబాసా పేటలో జరిగిన సంతాపసభ గురించి కూడా చెప్పాడు. పాతికమంది దాకా వచ్చారట. ఫొటోకి దండ వేసి, ఒక నిమిషం మౌనంగా నిలబడి, తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారట. "అందరూ ఒకే మాట అన్నారండీ. ఎంత వినయశీలి, ఎంత సౌమ్యుడు, పైవాళ్ళకి ఎదురు చెప్పి ఎరగడు అని," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చావు కబురు విన్న మనిషికి ముందు దుఃఖం రావాలి. నాకు ముందు కోపం వచ్చింది. దుఃఖం ఆ సాయంత్రానికి గానీ రాలేదు.

వినయమట! మా మేనేజరుని ఆయన హిందీలో 'తుమ్' అనేవాడు. తెలుగువాళ్ళలో ఎంతటివాణ్ణయినా 'నువ్వు' అనేవాడు. దేవుడి పటం ముందు నిలబడి ఏమనేవాడో నేను చూడలేదు గానీ అక్కడ కూడా తగ్గి ఉంటాడని అనుకోను. ఎదురు చెప్పి ఎరగడట! నేను ఆయనతో పనిచేసిన ఆరేళ్ళలో ఎదురు చెప్పని వారం ఒకటి ఉందంటే, ఆ వారం ఆయనకి మలేరియా వచ్చి ఉండాలి. బతికున్నన్నాళ్ళూ ఆ నోటికి జడిసినవాళ్ళు, పోయాక ఆయన్ని తమకి కావలసినట్టు మెత్తగా చేసుకుని దండ వేశారు. నేనొప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

పేరు రాయను. అక్కడ ఆయన పేరు నేను కాగితం మీద చూడటమే తప్ప ఎవరి నోటా వినలేదు. తెలుగువాళ్ళు పిడుగుల మేస్త్రి అనేవారు, మిగతావాళ్ళు మిస్త్రీజీ అనేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు కనపడే మనిషి. ఖాకీ చొక్కా జేబులో మిగతావాళ్ళకి బీడీ కట్ట ఉంటే ఆయనకి గరుకు కాగితం మడత ఉండేది. టెక్కలి వైపునుంచి వచ్చాడని విన్నాను. ఎందుకొచ్చాడో, ఎలా వచ్చాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. బిర్సానగర్‌లో రెండు గదుల ఇల్లు, భార్య, ఒక కూతురు. ఇంతకు మించి ఆయన జీవితచరిత్ర నాకు తెలీదు.

మాది గోల్‌మురి దగ్గర రేకుల షెడ్డులో నడిచిన చిన్న కంపెనీ. ఇప్పుడు లేదు. భూమిలో వేసిన కరెంటు కేబుళ్ళు ఎక్కడ చెడిపోయాయో వెతికి పెట్టడం మా పని. కేబులు మూడడుగుల లోతున, అర మైలు పొడవున ఉంటుంది. లోపం ఎక్కడుందో తెలియకుండా రోడ్డంతా తవ్వలేం కదా. అందుకని దాని ఒక కొసనుంచి పెద్ద ఓల్టేజితో ఒక దెబ్బ కొడతాం. రెప్పపాటు కూడా ఉండదు ఆ దెబ్బ. అది కేబులు వెంట పరిగెత్తి, చెడిపోయిన చోట నిప్పురవ్వయి పేలుతుంది. పైన నేల మీద చెవి ఆనిస్తే 'ధబ్' మని వినపడుతుంది. అక్కడ తవ్వాలి. ఆ దెబ్బ కొట్టే యంత్రాన్ని పుస్తకాల్లో పల్స్ జనరేటర్ అంటారు. మేస్త్రి పిడుగు పెట్టె అనేవాడు.

నేను విజయనగరంనుంచి ఇంజినీరింగు పట్టా పట్టుకుని అక్కడికి వెళ్ళేసరికి ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాది కూడా కాలేదు. ఆ యంత్రం సిద్ధాంతం నాకు నాలుగు పేజీల లెక్క. ఒక రోజు షెడ్డులో కొత్తగా చేరిన ఇద్దరికి ఆ లెక్క చెప్పబోయి నల్లబల్ల మీద సగం నింపాను. వాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. మేస్త్రి వెనకనుంచి వచ్చి, బల్ల వైపు చూడనైనా చూడకుండా అన్నాడు: "ఒరే, నాలుగు బిందెలున్నాయనుకో. నింపేటప్పుడు పక్కపక్కనెట్టి నింపాల. ఒంపేటప్పుడు ఒకదాని మీదొకటి ఎట్టి ఒంపాల. ఒంపితే నాలుగు బిందెల ఎత్తునుంచి పడతాది. అంతే. ఇంకేటి నేదు."

నిజంగానే ఇంకేమీ లేదు. కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఆ బిందెలు. ఆయన వాటిని డబ్బాలనేవాడు. పక్కపక్కన నింపి, మధ్యలో ఉన్న రాగి గోళీల సందుల్లో నిప్పురవ్వ ఎగిరినప్పుడు అవన్నీ వరసగా ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. ఎనిమిది వేల ఓల్టులు ముప్పైరెండు వేలవుతాయి. నేను బల్ల తుడిచేశాను. నాకు సిగ్గేసింది, నవ్వు కూడా వచ్చింది.

ఆ రాగి గోళీలు ఎక్కడా గరుకు లేకుండా ఉండాలి. ఎక్కడ చిన్న మొన ఉన్నా కరెంటు అక్కడినుంచి ముందే కారిపోతుంది, దెబ్బ నీరసంగా పడుతుంది. మేస్త్రి గోళీని గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ఆఖరికి బుగ్గకి ఆనించి దొర్లించేవాడు. వేలికి తెలియని మొన బుగ్గకి తెలుస్తుందని ఆయన నమ్మకం. అందుకని గోళీల పని ఉన్న రోజున మాత్రం నున్నగా గడ్డం గీసుకుని వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆ ఊసే లేదు. పొద్దున్నే సైకిలు దిగిన ఆయన మొహం చూసి షెడ్డులో అందరికీ ఆ రోజు పనేమిటో తెలిసిపోయేది. ఫూల్‌మణి అని షెడ్డు ఊడ్చే సంతాలీ మనిషి ఉండేది. "ఆజ్ మిస్త్రీజీ దూల్హా బన్‌కే ఆయా," అని, ఇవాళ పెళ్ళికొడుకై వచ్చాడని నవ్వేది. ఆయన మాత్రం నవ్వకుండా గోళీ బుగ్గకి పెట్టుకునేవాడు.

చెవి ఆనించడానికి కంపెనీ ఒక విదేశీ పరికరం కొన్నది. మేస్త్రి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన పరికరం స్టీలు గ్లాసు. అదే గ్లాసులో టీ తాగేవాడు, తాగి దులిపి, రోడ్డు మీద రబ్బరు చాప పరుచుకుని మోకాళ్ళ మీద కూర్చుని, గ్లాసు బోర్లించి చెవి ఆనించేవాడు. సాక్చి బజారు నడిమధ్యలో ఒకసారి అలా కూర్చుంటే, ఒక రిక్షావాడు గంట కొట్టి కొట్టి విసిగి "హటో భాయ్, నమాజ్ పఢ్ రహే హో క్యా?" అన్నాడు. మేస్త్రి గ్లాసు నుంచి చెవి తియ్యకుండా, "నీ రిక్షా చప్పుడికి నా పిడుగు ఇనపడట్నేదు, ఆపు," అని తెలుగులోనే కసిరాడు. రిక్షావాడికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. ఆపాడు. ఆయన వేలు పెట్టి చూపించిన చోట తవ్వితే లోపం జానెడు అటూ ఇటూగా దొరికేది.

ఇవన్నీ ముచ్చటలు. అసలు సంగతి హాజిరీ.

పెట్టెలో కరెంటు నింపే ముందు ఆయన అక్కడున్న ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచేవాడు. పిలిచినవాళ్ళు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని 'దూరం' అనాలి. హిందీవాళ్ళు 'దూర్' అనేవారు. ఒక్కరు పలకకపోయినా మీట నొక్కడు. మళ్ళీ మూత తీసేముందు కూడా అంతే, అందరూ పలకాలి. నా మొదటి రోజున నన్ను పిలిచాడు, ఇంటిపేరుతో సహా. నాకు అవమానంగా అనిపించింది. "నేను ఇంజినీరుని మేస్త్రి గారూ. నాకు అక్కర్లేదు," అన్నాను.

"ఈ పెట్టెకి నీ పట్టా సదవడం రాదు బాబూ. హాజిరీ సెప్పు."

నేను పలకలేదు. ఆయన మీట మీదినుంచి చెయ్యి తీసేసి, గ్లాసులో టీ పోసుకుని గోడకి ఆనుకున్నాడు. పదిమందీ నా వైపే చూస్తున్నారు. టీ అయిపోయింది. ఆయన ఇంకో గ్లాసు పోసుకున్నాడు. చివరికి చేతులు వెనక్కి పెట్టుకుని "దూరం" అన్నాను, బడిపిల్లాడిలా. మేనేజరుకి కూడా ఇదే గతి పట్టేది. అందుకే పెట్టె నడిచేటప్పుడు అతను షెడ్డు వైపు రావడం మానేశాడు.

మేస్త్రి కుడి చేతి రెండు వేళ్ళు వంగేవి కావు. ఒకసారి అడిగాను. "డబ్బా సచ్చిపోయిందన్నారు," అన్నాడు. నింపిన కెపాసిటర్ని నేలకి కలిపి ఖాళీ చేసినా, తీగ తీసేశాక అది లోపలినుంచి మళ్ళీ కొంత కరెంటు కూడగట్టుకుంటుంది. పుస్తకాల్లో దానికో పొడుగాటి పేరుంది. ఆయన "మళ్ళా ఊపిరి పీలుత్తాది" అనేవాడు. "నాకు ఏళ్ళే పోనాయి. నా పక్కనున్నోడికి పేణమే పోనాది. అప్పట్ల హాజిరీ నేదు, కర్రా నేదు." అంతకుమించి చెప్పలేదు.

కర్ర అంటే ఎండిన వెదురుని మైనంలో ఉడకబెట్టి, కొసకి రాగి కొక్కెం బిగించి, కొక్కేనికి నేలలోకి పోయే తీగ కట్టింది. డబ్బాకి తగిలించి, చెయ్యి పెట్టినంతసేపూ అలా తగిలించే ఉంచాలి. తగిలించినవాడే తియ్యాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. సైకిలు బారుకి దాన్ని కట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. షెడ్డులో ఒగ్గేస్తే ఎవులైనా బట్టలారేసుకుంటారు అనేవాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

మా పాత యంత్రం లారీ మీద బిగించింది. అది కార్ఖానాల కింద కేబుళ్ళు పరిచిన సొరంగాల్లోకి పోదు. ఇద్దరు మనుషులు మోసుకుపోయే చిన్న పెట్టె తయారు చెయ్యమన్నారు నన్ను. దాని మీద ఏడాది పాటు నేను గీశాను, మేస్త్రి కట్టాడు. నా బతుకులో అంత సంతోషంగా పనిచేసిన ఏడాది ఇంకొకటి లేదు. డబ్బాలని ఎంత దగ్గరగా పెట్టొచ్చు, మధ్యలో ఏ పలక వెయ్యాలి, ఏ మూల గుండ్రంగా చెయ్యాలి, అన్నిటికీ ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. నేను లెక్క చూపించేవాణ్ణి, ఆయన బుగ్గ చూపించేవాడు. పెట్టె పైన ఒక గూడు పెట్టడం ఆయన ఆలోచన. మూత తెరవాలంటే ముందు ఆ గూట్లోకి కర్ర దూర్చాలి, దూర్చితే గానీ గడియ ఊడదు. లోపలికి పోయిన కర్ర డబ్బాలన్నిటినీ ఒక్కసారే నేలకి కలిపేస్తుంది, మూత మళ్ళీ మూసేదాకా బయటికి రాదు. అంత తెలివైన గడియ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

పెట్టె ఎత్తు ఇరవయ్యారంగుళాలు వచ్చింది. మాకు పని ఇవ్వబోయే కార్ఖానాలో సొరంగం మూతి కొలిచి వస్తే ఇరవైరెండే ఉంది. కర్ర గూడు ఎత్తు సరిగ్గా నాలుగంగుళాలు.

"గూడు తీసెయ్. వచ్చే వారం వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు," అన్నాడు మేనేజరు. నేను ఒక రోజంతా లెక్క వేశాను. డబ్బాల్లో మిగిలిన కరెంటుని మెల్లగా కార్చేసే రెసిస్టరు ఒకటుంటుంది, పెన్సిలంత పింగాణీ కడ్డీ. అదుంటే నిమిషంలో అంతా ఖాళీ అవుతుంది. లెక్క తప్పు కాదు, ఇప్పటికీ తప్పు కాదు. గూడు తీసేసి కొత్త బొమ్మ గీశాను. ఇరవైరెండు అంగుళాలు అని కింద రాసినప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది, దాచడం దేనికి.

మేస్త్రికి ఇంగ్లీషు రాదు గానీ బొమ్మ వచ్చు. కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపించాడు. గూడు ఉండాల్సిన చోట వేలు ఆగింది.

"కర్ర ఏది?"

రెసిస్టరు చూపించి లెక్క చెప్పాను.

"ఇది ఇరిగిపోతే?"

"ఎందుకు విరుగుతుంది?"

"ఎందుకిరిగిందో తరవాత సెప్తావు. ఇరిగినట్టు నీకు ముందెలా తెలుత్తాది? కర్రుంటే కళ్ళకి కనపడతాది. ఇది పెట్టెలోపల కూకుని బతికుందో సచ్చిందో ఎవులికి తెలుసు?" తర్వాత కాస్త మెత్తబడి అన్నాడు: "నూనెలో ముంచుదాం బాబూ. నూనెలో ఐతే డబ్బాలు ఇంకా దగ్గరికి తోయొచ్చు, నాలుగంగుళాలు కలిసొత్తాయి. మూడు నెల్లు టయం ఇయ్యి."

ఆ మాట నిజం, నూనెలో నిప్పురవ్వ అంత సులువుగా దూకదు. నాకూ తెలుసు. "మూడు నెలలు లేవు మేస్త్రి గారూ, వారం ఉంది," అన్నాను.

"ఐతే ఈ పెట్టె నాను కట్టను."

మేనేజరు పిలిపించి అడిగాడు. అక్కడా అదే మాట, హిందీలో: "నహీ బనాయేగా." అప్పటికప్పుడు ఆయన్ని షెడ్డులోంచి తీసి, మేం కాంట్రాక్టు చేస్తున్న గోల్‌మురి క్వార్టర్లలో వీధి దీపాలకి బల్బులు మార్చే పనికి వేశారు. ముప్పై ఏళ్ళు పిడుగులతో పనిచేసిన మనిషిని నిచ్చెనెక్కించారు. నేనొక్క మాట మాట్లాడలేదు. రెండో రోజు అటు స్కూటరు మీద పోతుంటే పైనుంచి కేక వినపడింది: "ఇంజినీరు బాబూ! ఈటికి కర్ర అక్కర్నేదు! మంచి పనే ఇప్పించినావు!" నిచ్చెన పట్టుకున్నవాడు పగలబడి నవ్వాడు. నేను తల తిప్పకుండా పోయాను.

పెట్టెని వేరేవాళ్ళు కట్టారు. కార్ఖానా వాళ్ళు చూడ్డానికి వచ్చే ముందు రోజు దాన్ని సొరంగంలోకి దింపి చూశాం, సరిగ్గా పట్టింది. దింపేటప్పుడు ఒకసారి మూతి అంచుకి ఠంగున తగిలింది. పైన గీత తప్ప ఏమీ కనపడలేదు.

మర్నాడు పొద్దున షెడ్డు ముందు తాడు కట్టి, కుర్చీలు వేసి, కార్ఖానా వాళ్ళని కూర్చోబెట్టాం. హాజిరీ తీసుకోలేదు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిచి చేతులు వెనక్కి కట్టుకోమంటే ఏం బాగుంటుందని మేనేజరు అన్నాడు, నేను సరే అన్నాను. పెట్టె బ్రహ్మాండంగా పేలింది. ఐదు దెబ్బలు, ఐదూ ఒక్కలాగే. చప్పట్లు కొట్టారు. "లోపలెలా ఉందో చూడొచ్చా?" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకాయన. నేను వాచీ చూసుకుని నిమిషం ఆగాను. ఇంకో అర నిమిషం కూడా ఆగాను. మరలు విప్పి మూత తీశాను. పైడబ్బాని వేలితో చూపించబోయాను.

"ఇంజినీరు బాబూ! హాజిరీ సెప్పనేదు!"

తాడు అవతల మేస్త్రి. ఆ రోజు ఆయనకి సెలవు. సైకిలు పక్కన నిలబడి, నా ఇంటిపేరుతో సహా గొంతు చించుకుని పిలిచాడు. నేను ఆలోచించలేదు. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? నా చేతులు రెండూ వాటంతటవే వెనక్కి పోయాయి. "దూరం!" అని అరిచాను. కుర్చీల్లో ఎవరో నవ్వారు. మేస్త్రి సైకిలు బారుకున్న కర్ర విప్పుకుని తాడు దాటి వచ్చాడు, తీగ కొసని నేలలో దిగేసిన కడ్డీకి తగిలించి, కర్ర సాచి నేను ముట్టుకోబోయిన డబ్బాకి కొక్కెం ఆనించాడు.

ఆ చప్పుడు ఇంతవరకూ మరచిపోలేదు. తెల్లటి వెలుగు లేచింది. నవ్వినాయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. డబ్బా పక్కలు ఉబ్బాయి, కొక్కెం కొస కరిగి చిన్న పూసలా అయింది. మేస్త్రి కర్రని అలాగే తగిలించి, వెనక్కి జరిగి, "ఇప్పుడు సూపించు," అన్నాడు నాతో. నేను చూపించలేకపోయాను. తర్వాత విప్పి చూస్తే పింగాణీ కడ్డీ మధ్యలో వెంట్రుకంత పగులు.

కార్ఖానా వాళ్ళు టీ తాగకుండా వెళ్ళిపోయారు. సాయంత్రానికి మేస్త్రికి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా తాడు దాటాడు, అతిథుల ముందు కంపెనీ పరువు తీశాడు, తిన్నగా నేలకి కలిపి డబ్బా పాడు చేశాడు. మూడు రోజుల్లో రాతపూర్వకంగా క్షమాపణ ఇవ్వాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు. నాకేమీ రాలేదు, ఒక్క ప్రశ్న కూడా. బొమ్మ ఎవరు గీశారని ఎవరూ అడగలేదు. నాకై నేను వెళ్ళి చెప్పలేదు.

చివరికి ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఆత్రం ఉన్నవాళ్ళ కోసం. ఆయన ఉద్యోగం పోలేదు. షెడ్డుకి తిరిగి రమ్మంటే మాత్రం రానన్నాడు. హాజిరీ నియమాన్ని కాగితం మీద రాసి, మేనేజరు పేరు మొదట పెట్టి గోడకి అంటిస్తే వస్తానన్నాడు. అంటించలేదు, రాలేదు. కంపెనీ మూతపడేదాకా నిచ్చెన మీదే ఉన్నాడు. నూనె పెట్టె నేను తర్వాత కట్టించాను. గూడుతో సహా ఇరవైరెండు అంగుళాలు, ఆయన చెప్పినట్టే మూడు నెలలు పట్టింది. దాని మీద నా పేరుంది, ఆయన పేరు లేదు. పెట్టమని నేను పోట్లాడలేదు, అప్పటికే నా ప్రమోషను ఆగిపోయి ఉంది. ఇది నేను ఒప్పుకోవలసిన ఇంకో తప్పు.

నోటీసు వచ్చిన రెండో రోజు బిర్సానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన గుమ్మంలో కూర్చుని కరిగిన కొక్కేన్ని రుద్దుతున్నాడు. భార్య మంచం మీదున్న బట్టలు తీసి కూర్చోమంది. "సెప్పండి బాబూ, ఈ మనిసికి మీరైనా. ఒక్క కాయితం రాసిచ్చీమని. గుంట తొమ్మిది సదువుతోంది," అంది. కూతురు లోపలినుంచి తొంగి చూసింది. "చాయ్ తెత్తావేటే?" అని తండ్రి అడిగితే, "లా రహీ హూఁ," అంది.

"ఇంగ్లీషులో నేను రాస్తాను. మీరు సంతకం పెట్టండి చాలు," అన్నాను.

"రాయి మరి. నాను సెప్తాను," అని మొదలుపెట్టాడు. "తాడు దాటినాను. మనిసి సచ్చిపోతాడని దాటినాను. మళ్ళా అలాటి పెట్టె కట్టితే మళ్ళా దాటుతాను. డబ్బా పోతే డబ్బా వత్తాది. ఇంతే రాయి."

నేను తలాడిస్తూ రాశాను. రాసింది అది కాదు. జరిగిన దానికి ఎంతో విచారిస్తున్నాను, కంపెనీకి కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాను, ఇకముందు ఇలాంటి పొరపాటు జరగనివ్వను, దయచేసి మన్నించండి. ఎవరు ఏం చేశారో ఎక్కడా రాకుండా అరపేజీ నింపాను. ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆయన ఉద్యోగం నిలబెడుతున్నానని లోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఆయన కింద తెలుగులో, ఒక్కో అక్షరం ఆగి ఆగి, సంతకం చేశాడు. పొద్దున్నే తనే ఆఫీసులో ఇస్తానన్నాడు. భార్య నాకు దణ్ణం పెట్టింది. నేను తేలిగ్గా ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున ఆయన మేనేజరు గదికి పోలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ రోజు బల్బులు తప్ప వేరే పని లేదు, అయినా గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు. కాగితం నా ముందు పెట్టాడు. తన సంతకం ఉన్న ముక్కని కిందినుంచి గీత పెట్టినట్టు చింపేశాడు.

"మా గుంట సదివినాది. రిగ్రెట్టు అనీసి రెండు సోట్ల ఉందంట. నాను సెప్పినానేటి?"

"మేస్త్రి గారూ, మీ ఉద్యోగం కోసం..."

"ఉజ్జోగం నాది కదా. మాట కూడా నాదే ఉండాల."

"పిల్ల చదువు చూసుకోండి. ఒక్క కాగితమేగా."

"ఆ పిల్లే సదివి సెప్పినాది. 'బాబా, యే తుమ్ నే నహీ లిఖా,' అంది, ఇది నువ్వు రాసింది కాదని. దాని ముందర నా పేరెట్టి ఇంకోడి మాట ఎలా ఉంచుతాను?" గొంతు పెంచలేదు. నేనెరిగిన ఆరేళ్ళలో ఆయన గొంతు పెంచకుండా మాట్లాడటం అదే మొదలు. "సరే. రాసినావు, బాగా రాసినావంట. పారేయొద్దు. ఈ ఇచారం ఎవులిది బాబూ? నీదైతే నువ్వెట్టు సంతకం."

నేను కాగితం వైపు చూశాను. ఎవరు ఏం చేశారో రాయకుండా అంత జాగ్రత్తగా రాశాను కదా, అది నాకు అక్షరం మార్చకుండా సరిపోయింది. ఒక్క పేరే తక్కువ. చుట్టుపక్కల బల్లల దగ్గర టైపు చప్పుడు ఆగింది. కంపెనీలో నా భవిష్యత్తు, ఇంట్లో నా భార్య, ఆమె కడుపుతో ఉంది, అన్నీ తలలో తిరిగాయి. ఆయన నిలబడే ఉన్నాడు, మీట మీదినుంచి చెయ్యి తీసేసి నిలబడ్డవాడిలా. తొందర పెట్టలేదు, వెళ్ళిపోనూ లేదు.

పై వరసలో ఒక వాక్యం కలిపాను: కర్ర గూడు మొదటి బొమ్మలో ఉంది, దాన్ని తీసేసినది నేను. చింపిన అంచుకి పైన, కొద్దిగా మిగిలిన జాగాలో ఇరికించి నా సంతకం పెట్టాను. పేరు స్పష్టంగానే వచ్చింది.

మేస్త్రి వంగి చూశాడు. ఇంగ్లీషు రాదు, అయినా బొమ్మ చూసినట్టే వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపించాడు. సంతకం దగ్గర వేలు ఆపి, పక్కనున్న ఖాళీ మీద రెండు సార్లు కొట్టాడు.

"తారీకు ఎయ్యి," అన్నాడు.